మూడు శాతం లోన్ చేతులు మారిన 103 రోజులు

2024 జూలై 7న కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. అక్టోబర్ 18న క్లోజింగ్, అంటే ఆఖరి సంతకాలై ఇల్లు చేతులు మారడం, జరిగింది. మామూలుగా నెల, నెలన్నరలో తేలిపోవాల్సిన అమ్మకం. డాలస్‌కు ఉత్తరాన లిటిల్ ఎల్మ్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు. అమ్మేవాళ్లూ తెలుగువాళ్లే, కొనేవాళ్లూ తెలుగువాళ్లే. కొనేవాళ్ల తరఫున రియల్టర్‌ని నేను. ఇంత ఆలస్యం ఎందుకైందంటే, వీళ్లు కొత్త లోన్ తీసుకోలేదు. అమ్మేవాళ్ల పేరు మీద నడుస్తున్న పాత లోన్‌నే తమ పేరు మీదకు మార్చుకున్నారు. ఇక్కడ దీన్ని లోన్ అసంప్షన్ అంటారు.

రెండు కుటుంబాల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఈ విషయంలో నన్ను అడిగేవాళ్లంతా రేటు గురించే అడుగుతున్నారు. తీసుకునేది రేటు ఒక్కటే అయితే ఈ కేసు రాయాల్సిన పని లేదు. లోన్ మొత్తం వస్తుంది: దాని వయసు, దాని ఇన్సూరెన్స్, దాని ఎస్క్రో ఖాతా (పన్నుల్లాంటి వాటి కోసం నెలనెలా డబ్బు జమయ్యే ఖాతా), దాని మీద ఇంకొకరి సంతకం, అన్నీ కలిసి వస్తాయి.

ముందు నేపథ్యం. బ్యాంకుల నుంచి ఇళ్ల లోన్లు కొనే సంస్థ ఫ్రెడ్డీ మాక్ వారపు సగటు లెక్కలో 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబర్ నాటికి 7.79కి ఎక్కింది. మధ్యలో కొన్నవాళ్ల దగ్గర మూడు శాతం లోన్లు ఉండిపోయాయి. అయితే వాటిలో చాలావరకు కన్వెన్షనల్ లోన్లు, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్లు. ఇల్లు అమ్మితే మొత్తం బాకీ కట్టేయమని అడిగే క్లాజ్ వాటిలో ఉంటుంది. 1982లో వచ్చిన గార్న్-సెయింట్ జర్మేన్ చట్టం ఆ క్లాజ్‌ను అమలు చేసుకునే హక్కు బ్యాంకులకు ఖాయం చేసింది. విడాకుల్లో భార్యకో భర్తకో ఇల్లు దక్కడం, యజమాని చనిపోతే బంధువుకు రావడం లాంటి కొన్ని సందర్భాలకు మాత్రమే మినహాయింపు. కొనేవాళ్లకు బదిలీ చేయగలిగేవి ప్రధానంగా ప్రభుత్వ హామీ ఉన్న మూడు రకాలు: ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీ ఉన్నవి), వీఏ (సైనికులకు, మాజీ సైనికులకు ఇచ్చేవి), యూఎస్‌డీఏ (గ్రామీణ ప్రాంతాల ఇళ్లకు ఇచ్చేవి).

ఈ ఇంటి మీదున్నది ఎఫ్‌హెచ్‌ఏ. లిస్టింగ్‌లో ఆ మాట ఎక్కడా లేదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అమ్మే ఆయన మాటల్లో, "మేం మూడున్నర శాతమే డౌన్ పేమెంట్ కట్టి కొన్నామండీ" అన్నారు. ఆ మాట వినగానే ఎఫ్‌హెచ్‌ఏ కావచ్చని అనుమానమొచ్చి, వాళ్ల మార్ట్‌గేజ్ కాగితాలు తీసి చూడమన్నాను. డీడ్ ఆఫ్ ట్రస్ట్, అంటే ఇంటిని లోన్‌కు తాకట్టు పెట్టిన పత్రం, మొదటి పేజీ పైన ఎఫ్‌హెచ్‌ఏ కేస్ నంబర్ ఉంది. నాలుగేళ్లుగా బీరువాలో ఉన్న కాగితమే, అందులో అంత విలువ ఉందని ఆయనకు తెలియదు.

2020 నవంబర్లో వాళ్లు ఇల్లు కొన్నది 3,10,000 డాలర్లకు. ముందుగా కట్టాల్సిన ఇన్సూరెన్స్ ప్రీమియం 1.75 శాతం కూడా లోన్‌లోనే కలిపారు కాబట్టి లోన్ 3,04,385 అయింది. వడ్డీ 3 శాతం. అసలు, వడ్డీ కలిపి నెలకు 1,283. మేం వెళ్లేసరికి బాకీ సుమారు 2,80,000, మిగిలిన కాలం 26 ఏళ్ల పైచిలుకు.

ఇల్లు ఇప్పుడు ఎంత చేస్తుంది? వాళ్లు 4,35,000 అడిగారు. అదే వీధిలో అలాంటి ఇళ్లు 4,25,000 దగ్గర అమ్ముడయ్యాయి. పైన అడిగే పదివేలూ "మా లోన్ రేటుకి" అన్నారు. అడగడంలో తప్పేమీ లేదు, వాళ్ల దగ్గర ఉన్నది నిజంగానే విలువైన వస్తువు. కానీ ఆ పదివేలు మూడు శాతం లోన్‌లోకి వెళ్లవు. పాత లోన్ పెరగదు కదా. ధరలో పెంచిన ప్రతి డాలరూ కొనేవాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి, లేదంటే ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవాలి. 9.5 శాతానికి 15 ఏళ్లకు పదివేలు తెస్తే నెలకు 104 డాలర్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక 4,25,000 దగ్గర కుదిరింది.

ధరకూ బాకీకీ మధ్య దాదాపు 1,45,000 ఖాళీ. నా వాళ్ల దగ్గర 90,000 ఉంది. అందులో 20,000 ఆయన నాన్నగారు ఇండియా నుంచి పంపినవి, వాటికి గిఫ్ట్ లెటరూ (అది అప్పు కాదు, కానుక అని రాసిన ఉత్తరం) బ్యాంకు కాగితాలూ చూపించాల్సి వచ్చింది. మిగతా సుమారు 55 వేలకు సెకండ్ లోన్ కావాలి. పాత లోన్ వెనక రెండో స్థానంలో నిలబడటానికి పెద్ద బ్యాంకులు ఆసక్తి చూపలేదు. ఒక క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) 56,000 వరకు, 15 ఏళ్లకు, 9.5 శాతానికి ఇస్తానంది.

ఇంకొక ఖర్చు ఉంది, చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌కు ప్రతి ఏటా మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్, అంటే ఎంఐపీ, ఉంటుంది. 2023 మార్చి నుంచి కొత్త లోన్లకు దాన్ని 0.85 నుంచి 0.55 శాతానికి తగ్గించారు. ఇది 2020 నాటి లోన్ కాబట్టి పాత 0.85 శాతమే నడుస్తుంది. పది శాతం కంటే తక్కువ డౌన్ పేమెంట్‌తో మొదలైంది కాబట్టి లోన్ తీరేదాకా నడుస్తుంది. కొనేవాళ్లు ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా అది మారదు. నెలకు సుమారు 197 డాలర్లు. అంటే ఈ లోన్ ఖరీదు నిజానికి 3.85 శాతం. దాని పక్కన 9.5 శాతం సెకండ్ లోన్ కూడా పెట్టి సగటు తీస్తే 4.8 శాతం వచ్చింది. జూలైలో వాళ్లకు కొత్త లోన్ మీద వచ్చిన కోట్ 6.875. రెండు శాతం తేడా ఉంది, మంచిదే. మూడు శాతానికి ఇల్లు దొరికిందనుకుంటే మాత్రం తప్పు.

ఇక్కడ చెప్పాల్సింది ఇంకొకటి. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకోవాలంటే ఆ ఇంట్లో తామే ఉండాలి, అద్దెకివ్వడానికి కుదరదు. 1989 డిసెంబర్ తర్వాతి లోన్లన్నిటికీ కొనేవాళ్ల ఆదాయం, క్రెడిట్ పూర్తిగా పరిశీలిస్తారు. నా వాళ్లకు గ్రీన్ కార్డ్ ఉంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం కూడా గమనించుకోవాలి: 2025 మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెన్సీ లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ కొత్త లోన్లు ఆపేసింది. అందుకే ఇప్పుడు నేను ఇల్లు చూపించకముందే స్టేటస్ అడుగుతున్నాను.

వీఏ లోన్ అయితే కొనేవాళ్లు మిలిటరీలో పనిచేసి ఉండక్కర్లేదు. బాకీ మీద అర శాతం ఫండింగ్ ఫీజు ఉంటుంది. కానీ కొనేది మామూలు పౌరులైతే, అమ్మిన సైనికుడి వీఏ అర్హతలో ఆ లోన్‌కు వాడిన భాగం, లోన్ తీరేదాకా ఆ ఇంటి మీదే చిక్కుకుపోతుంది. ఆ సైనికుడికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే చెప్పాల్సిన బాధ్యత మనదే అని నేను అనుకుంటాను, ఎదుటి పక్షమైనా సరే.

కాంట్రాక్టు సంగతికొస్తే, టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్‌కు లోన్ అసంప్షన్ అడెండమ్ అని విడిగా ఒక ఫారం ఉంది. అందులో బాకీ ఎంతో రాయాలి. క్లోజింగ్ నాటికి ఆ అంకె మారితే తేడాను నగదులో సర్దాలా, ధరలో సర్దాలా అని ఎంచుకోవాలి. తేడా 500 డాలర్లు దాటితే ఇద్దరిలో ఎవరైనా కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. మేం ఆగస్టు 30న క్లోజింగ్ అనుకుని, అప్పటి బాకీ 2,80,121 అని రాశాం. ఈ లోన్‌లో నెలకు 583 డాలర్ల అసలు తీరుతోంది. అంటే ఒక్క నెల ఆలస్యమైతే చాలు, 500 దాటేస్తుంది. నిజంగా దాటింది. సెప్టెంబర్లో, అక్టోబర్లో రెండుసార్లు సవరణ రాయించాను. ఆ రెండు నెలల్లో అమ్మేవాళ్లు కట్టిన అసలు 1,167 డాలర్లను నా వాళ్లు నగదుగా ఇచ్చారు. కట్టింది వాళ్లు కాబట్టి ఇవ్వడమే న్యాయం.

ఇక అసలు టెన్షన్ అంతా సర్వీసర్‌తోనే, అంటే ఆ లోన్ వసూలు చూసే కంపెనీతో. మొదటి ఫోన్‌లోనే "మేం అసంప్షన్లు చేయం" అని పెట్టేశారు. అది నిజం కాదు. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ అంటేనే బదిలీ చేయదగిన లోన్, ఎఫ్‌హెచ్‌ఏను నడిపే కేంద్ర గృహశాఖ హడ్ వాళ్ల హ్యాండ్‌బుక్ 4000.1లో ఆ ప్రక్రియంతా ఉంది. కస్టమర్ సర్వీస్‌లో ఫోన్ ఎత్తే పిల్లలకు ఆ విభాగం ఉన్నట్టే తెలియదు, వాళ్లను తిట్టి లాభం లేదు. లోన్ ఇంకా అమ్మేవాళ్ల పేరు మీదే ఉంది కాబట్టి ఉత్తరం వాళ్ల చేతే రాయించాను: లోన్ నంబర్, ఎఫ్‌హెచ్‌ఏ కేస్ నంబర్, హ్యాండ్‌బుక్ ప్రస్తావన, అసంప్షన్ ప్యాకేజ్ పంపమని ఒకే ఒక్క కోరిక. ఫోన్లకు దొరకని జవాబు రాతపూర్వకంగా అడిగితే దొరికింది. తొమ్మిదో రోజు ప్యాకేజ్ వచ్చింది.

కాగితాలన్నీ అందాక 45 రోజుల్లో తేల్చాలని నిబంధన. "అన్నీ అందాక" అన్న దగ్గరే కాలమంతా పోయింది. ఆగస్టు మొదటి వారంలో మేం పంపిన పే స్టబ్‌లు (జీతం రసీదులు) సెప్టెంబర్ నాటికి పాతబడ్డాయని మళ్లీ అడిగారు. సెకండ్ లోన్ మంజూరు ఉత్తరం తెమ్మని సర్వీసర్ అన్నాడు. మొదటి లోన్ బదిలీకి ఆమోదం ఉంటే తప్ప మంజూరు ఇవ్వమని క్రెడిట్ యూనియన్ అంది. ఒకరి మొహం ఒకరు చూస్తూ రెండు వారాలు కూర్చున్నారు. చివరికి క్రెడిట్ యూనియన్ మేనేజర్‌తో మాట్లాడి, మొత్తం, వడ్డీ, కాలం, నెలవారీ పేమెంట్ స్పష్టంగా రాసి, "మొదటి లోన్ బదిలీ ఆమోదానికి లోబడి" అన్న షరతుతో ఉత్తరం తీసుకున్నాం. సర్వీసర్ దగ్గర లోన్ అర్హత తేల్చే అండర్‌రైటర్‌కు కావాల్సింది కూడా ఆ నాలుగు అంకెలే. ఇప్పుడైతే అలాంటి ఉత్తరం మొదటి రోజే సిద్ధం చేయిస్తున్నాను.

ఈలోగా సెప్టెంబర్ 18న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ తన వడ్డీ రేటు అర శాతం తగ్గించింది. నెలాఖరుకి ఫ్రెడ్డీ మాక్ సగటు 6.08కి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక రాత్రి పదిన్నరకు కొనే అబ్బాయి ఫోన్. "అన్నా, లోన్ ఆఫీసర్ 6.125 ఇస్తానంటున్నాడు. కొత్త లోన్‌కి నెలకి 2,035 పడుతుంది. మనం ఇంత పడుతున్నదానికి 2,065. దీనికోసమా మూడు నెలలు?"

అతని లెక్కలో తప్పేమీ లేదు. పాత లోన్ 1,283, ఎంఐపీ 197, సెకండ్ లోన్ 585, కలిపితే 2,065. పన్నులూ ఇంటి ఇన్సూరెన్సూ రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి వాటిని పక్కన పెట్టొచ్చు. 3,35,000కు 6.125 శాతంతో కొత్త లోన్ తీసుకుంటే 2,035. నెలకు 30 డాలర్లు తక్కువే. ఇరవై శాతం పైన డౌన్ పేమెంట్ ఉంది కాబట్టి దానికి ఇన్సూరెన్స్ కూడా లేదు.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లి, డైనింగ్ టేబుల్ మీద వాళ్ల పాప డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రెండు గళ్లు గీశాను. ఒకవైపు మొదటి నెల పేమెంట్‌లో తిరిగి రాని డబ్బు, రెండోవైపు అప్పు తీరే డబ్బు. కొత్త లోన్‌లో 2,035లో వడ్డీ 1,710, అసలు 325. పాత లోన్ దారిలో 2,065లో వడ్డీలు రెండూ, ఎంఐపీ కలిపి 1,337, అసలు 728. పేమెంట్ చూస్తే 30 డాలర్లు నష్టం. పోయే డబ్బు చూస్తే నెలకు 373 లాభం. కారణం తేలికే. పాత లోన్ తీసుకున్నప్పుడు దాని వయసు కూడా మనకే వస్తుంది. నాలుగేళ్లు నడిచిన లోన్‌లో, అందునా మూడు శాతం లోన్‌లో, ప్రతి పేమెంట్‌లోనూ అసలు వాటా పెద్దది. కొత్త లోన్ మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది.

ఐదేళ్ల తర్వాత ఎంత బాకీ ఉంటుందో కూడా వేశాను. కొత్త లోన్ అయితే 3,12,200. పాత లోన్, సెకండ్ లోన్ కలిపి 2,86,300. దాదాపు 26 వేల తేడా. ఆ ఐదేళ్లలో వాళ్లు అదనంగా కట్టేది నెలకు ముప్పై చొప్పున 1,800. కొనే అబ్బాయి భార్య కాగితం తనవైపు తిప్పుకుని, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి, మొత్తం మళ్లీ వేసుకుంది. నేను మాట్లాడలేదు. ఐదు నిమిషాల తర్వాత, "ఉందాం అన్నయ్యా, ఇన్ని రోజులు ఆగాం కదా" అంది.

ఇదే లెక్క ఇంకో కుటుంబానికి వేరేగా తేలొచ్చు. రెండు మూడేళ్లలో ఊరు మారిపోయేవాళ్లకు ఆ 26 వేలు పూర్తిగా చేతికి రావు. ఖాళీ 1,45,000 కాకుండా రెండున్నర లక్షలుంటే సెకండ్ లోన్ సగటు వడ్డీని పైకి లాగేస్తుంది, అప్పుడు నేనే వద్దంటాను. వీళ్లకు స్కూల్ కోసం పదేళ్లు ఇక్కడే ఉండాలని ఉంది, సెకండ్ లోన్‌ను బోనస్ డబ్బులతో ముందే తీర్చేసే ఉద్దేశం ఉంది. అందుకే గట్టిగా చెప్పగలిగాను. క్లోజింగ్ వారానికి సగటు రేటు మళ్లీ 6.44కి ఎక్కింది. అది నాకు ముందే తెలిసిందేమీ కాదు. 6.08 దగ్గరే నిలిచినా నా సలహా అదే.

ఇప్పుడు అమ్మేవాళ్ల వైపు. సెప్టెంబర్లో వాళ్లకూ ఓపిక పోయింది. ఆయనకు నార్త్ కరోలినాలోని షార్లట్‌లో కొత్త ఉద్యోగం, అక్కడ మళ్లీ ఎఫ్‌హెచ్‌ఏతోనే ఇల్లు కొనాలని ఆలోచన. ఎవరో స్నేహితుడు చెప్పాడట: "డీడ్ రాసిచ్చేయ్, పేమెంట్లు వాళ్లే కట్టుకుంటారు, బ్యాంకుకు చెప్పక్కర్లేదు." నేను ఎదుటి పక్షం మనిషినైనా ఆయన ఏజెంట్ ముందే గట్టిగా వద్దన్నాను. అలా చేస్తే ఇల్లు ఒకరిది, అప్పు ఇంకొకరిది అవుతుంది. అలా రాసిచ్చిన ఒక కుటుంబం అంతకు ముందు నా దగ్గరకు వచ్చింది. కొన్నవాళ్లు రెండు పేమెంట్లు ఎగ్గొడితే, అమ్మినవాళ్ల క్రెడిట్ దెబ్బతింది. ఇల్లేమో వాళ్ల చేతిలో లేదు, అమ్మి తీర్చే దారీ లేదు. దానికితోడు, బాకీ మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు లోన్ ఇచ్చినవాళ్లకు ఎలాగూ ఉంటుంది.

సక్రమంగా చేసే అసంప్షన్‌లో అమ్మేవాళ్లకు దక్కాల్సిన అతి ముఖ్యమైన కాగితం బాధ్యత నుంచి విడుదల. కొనేవాళ్ల క్రెడిట్ చూసి ఆమోదించి, వాళ్లు లోన్ బాధ్యత ఒప్పుకున్నాక, సర్వీసర్ ఆ విడుదల ఇవ్వాలి. టెక్సస్ అడెండమ్‌లో దానికో రక్షణ కూడా ఉంది. విడుదల రాకపోతే అమ్మేవాళ్లు ఇంటి మీద వెండర్స్ లీన్ (అమ్మినవాళ్ల హక్కు), అసంప్షన్‌కు హామీగా డీడ్ ఆఫ్ ట్రస్ట్ పెట్టుకుంటారు. అంటే కొన్నవాళ్లు కట్టకపోతే ఇంటిని వెనక్కి తీసుకునే దారి ఉంటుంది. మేం విడుదల ఆమోదం అంటూ సర్వీసర్ ఉత్తరం వచ్చాకే క్లోజింగ్ తేదీ పెట్టాం. అసంప్షన్ ఫీజు 1,800. 2024లోనే హడ్ ఆ గరిష్ఠ పరిమితిని 900 నుంచి రెట్టింపు చేసింది. కొత్తగా 1.75 శాతం ప్రీమియం లేదు, అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం) లేదు.

క్లోజింగ్‌కు రెండు రోజుల ముందు టైటిల్ కంపెనీ, అంటే క్లోజింగ్ జరిపించే కంపెనీ, ఎవరికి ఎంత రావాలో చూపే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పంపింది. టెక్సస్‌లో ఆస్తిపన్ను ఏడాది చివర్లో వస్తుంది, జనవరి 31లోపు కట్టాలి. ఈ ఇంటికి ఏడాది పన్ను 7,600. జనవరి 1 నుంచి అక్టోబర్ 17 దాకా అమ్మేవాళ్ల వాటా 6,042 డాలర్లు, దాన్ని కొనేవాళ్లకు జమ వేశారు. అది సరైనదే. కానీ ఆ పన్ను కోసమే అమ్మేవాళ్లు నెలనెలా ఎస్క్రోలో వేసుకున్న 7,100 సంగతి ఎక్కడా లేదు. మామూలు అమ్మకంలో లోన్ తీరిపోతుంది కాబట్టి ఎస్క్రో డబ్బు సర్వీసర్ అమ్మేవాళ్లకే తిరిగి పంపేస్తాడు, స్టేట్‌మెంట్‌లో రాయాల్సిన పనే లేదు. అసంప్షన్‌లో ఆ ఖాతా లోన్‌తోపాటు కొనేవాళ్లకు వెళ్లిపోతుంది. అంటే అమ్మేవాళ్లు ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టవుతుంది.

ఆ తప్పు నా వాళ్లకు లాభం. నా వాళ్లకే ముందు చెప్పాను, "ఇది మీ డబ్బు కాదు" అని. ఇద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. టైటిల్ ఆఫీసులో ఆవిడ నిజాయితీగా చెప్పింది, అసంప్షన్ ఫైల్ చేయడం ఇదే మొదటిసారి అని. 7,100 అమ్మేవాళ్లకు జమ అవుతూ కొత్త స్టేట్‌మెంట్ ఆ సాయంత్రమే వచ్చింది. ఇంటి ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలి. పాత పాలసీ లోన్‌తోపాటు రాదు, కొనేవాళ్లు తమ పేరు మీద కొత్తది తీసుకుని సర్వీసర్ పేరు దాని మీద ఎక్కించాలి.

అక్టోబర్ 18, శుక్రవారం. సంతకాలు గంటంపావు పట్టాయి. తాళాలు చేతికిచ్చాక అమ్మే ఆయన, కొనే అబ్బాయిని గ్యారేజ్‌లోకి తీసుకెళ్లి స్ప్రింక్లర్ టైమర్ ఎలా పెట్టాలో చూపించారు.

నవంబర్ మూడో వారంలో ఆయన నాకు ఒక ఫొటో పంపారు. సర్వీసర్ లెటర్‌హెడ్ మీద విడుదల పత్రం, ఆయన పేరు, ఆయన భార్య పేరు, లోన్ నంబర్. కింద ఒకే మాట రాశారు: "షార్లట్‌లో ఇల్లు చూడటం మొదలెట్టామండీ."